ఉల్లిపాయ పకోడీ

ఉల్లిపాయ పకోడీ అంటే సన్నగా చీరిన ఉల్లిపాయలకు శనగపిండి పట్టించి కాగిన నూనెలో వేయించే కారపు ఫలహారం. గారెలకు పప్పు నానబోయాలి, పునుగులకు పులిసిన పిండి ఉండాలి, జంతికలకు పిండి ఆడించుకోవాలి. పకోడీకి అలాంటి ముందస్తు ఏర్పాటేమీ అక్కర్లేదు. చుట్టాలు గుమ్మంలో కాలు పెట్టాక ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టినా అరగంట తిరిగేలోగా పళ్లెం సిద్ధమవుతుంది. ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లలో, వీధి బండ్ల మీద ఇది సాయంత్రపు తిండి. తాడేపల్లిగూడెం పకోడీకి గోదావరి జిల్లాల్లో ప్రత్యేకంగా పేరుంది.

పకోడీల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఆసాంతం కరకరలాడేది గట్టి పకోడీ, పైన పెళుసుగా లోపల మెత్తగా ఉండేది మెత్తని పకోడీ. రెండింటికీ సరుకులు దాదాపు ఒకటే. తేడా అంతా నీటి దగ్గరే వస్తుంది. ఉల్లిపాయలో ఉన్న నీరెంత, పైనుంచి పోసిన నీరెంత, నూనెలో ఆవిరైపోయిన నీరెంత అన్న లెక్క కుదిరితే పకోడీ కుదిరినట్టే.

సరుకులు వచ్చే దారి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ఉన్న ఈ ప్రాంతం కృష్ణా, గోదావరి డెల్టాల సందున ఉంది. కాల్వల కింద వరి, వరి కోశాక అదే చేలో మినుము ఇక్కడి పాత వరస. మినుముతో గారెలు, సున్నుండలు ఈ నేలకు సొంతమయ్యాయి గాని, పకోడీకి ప్రాణమైన ఉల్లి, శనగ రెండూ బయటినుంచి వచ్చేవే. నీరు నిలిచే వరిచేను ఉల్లిగడ్డకు పనికిరాదు. శనగ పంట ప్రకాశం, కర్నూలు, అనంతపురం జిల్లాల నల్లరేగడిలో శీతకాలంలో, నేలలో నిలిచిన తేమతో పండుతుంది.

ఉల్లి పండని చోట ఉల్లికి పెద్ద అంగడి వెలసింది. తాడేపల్లిగూడెం టోకు ఉల్లి మార్కెట్టు రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. డెల్టాకూ మెట్టకూ నడిమిన, విజయవాడ–విశాఖపట్నం రైలు మార్గం మీద, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఊరు ఉండటం ఇందుకు కలిసివచ్చింది. కర్నూలు పంట చేతికొచ్చే నెలల్లో అక్కడినుంచి, మిగతా కాలంలో మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. పకోడీ చేసేవారికి ఈ రెంటి తేడా తెలిసి ఉండటం అవసరం. వానకాలపు పంటగా వచ్చే కర్నూలు ఉల్లి కొత్తదిగా, పచ్చిగా, నీటితో నిండి ఉంటుంది. ఎక్కువ రోజులు నిలవ ఆగదు. మహారాష్ట్రలో రబీలో పండించి వేసవిలో తవ్విన ఉల్లి బాగా ఆరి, పైపొర గలగలలాడుతూ, నెలల తరబడి ఆగుతుంది. కొత్త ఉల్లితో పకోడీ చేస్తే పిండి కాస్త ఎక్కువ పడుతుంది, వేగడానికి సమయమూ ఎక్కువ పడుతుంది. ఆరిన ఉల్లితో పని తేలిక. నిరుడు కుదిరిన కొలతే ఈసారి ఎందుకు జారిపోయిందని విసుక్కునే ఇళ్లలో కారణం చాలాసార్లు సంచిలో వచ్చిన ఉల్లిపాయే.

ధర మాట ఎలాగూ వస్తుంది. 2019 చివరి నెలల్లో దేశమంతటా ఉల్లి కిలో 100 రూపాయలు దాటింది. అంతకుముందే ఆ సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఎగుమతులను నిషేధించింది. అలాంటి రోజుల్లో సన్నగా తరిగిన క్యాబేజీని ఉల్లిలో కలిపేయడం మామూలు. క్యాబేజీ బాగానే వేగుతుంది గాని ఉల్లిలోని తీపి దానికి రాదు.

ఇక పకోడీలో ఈ నేల వాటా మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది బియ్యప్పిండి. మారుటేరు పరిశోధన కేంద్రంలో రూపొందిన స్వర్ణ (ఎంటీయూ 7029) వంటి వరి రకాలు పండిన నేలలో బియ్యప్పిండికి కొదవ లేదు. రెండోది నూనె. ఏలూరు చుట్టుపక్కల మెట్ట మండలాల్లో ఆయిల్‌పామ్ తోటలు విస్తారంగా ఉన్నాయి. ఈ పంట మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలోనే ఉంది. మూడోది పకోడీ మీద పిండుకునే నిమ్మకాయ. ఏలూరు నిమ్మకాయల మార్కెట్టు పేరున్నది.

ఉల్లిపాయ, దాని నీరు

ఉల్లిపాయ బరువులో దాదాపు 89 శాతం నీరే. మరో 9 శాతం పిండిపదార్థాలు, అందులో సగానికి దగ్గరగా చక్కెరలు. నీరు నూనెలో ఆవిరై పోతుంది. మిగిలిన చక్కెరలు, శనగపిండిలోని మాంసకృత్తులు వేడికి కలిసి ఎర్రని రంగునీ, పకోడీ వాసననీ ఇస్తాయి. మెయిలార్డ్ చర్య అని పేరున్న ఈ మార్పు నీరున్నంతసేపు సరిగా సాగదు. నీరు ఉన్నచోట వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. పైపొర ఎండిన తరవాతే అక్కడ వేడి అంతకు మించి ఎక్కుతుంది, రంగు తిరుగుతుంది.

తరిగే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. ఉల్లిపాయ కణాలు వేరు మొదలు నుంచి తొడిమ వైపుకు వరసగా పేర్చుకుని ఉంటాయి. ఆ వరస వెంట నిలువుగా చీరితే చిట్లే కణాలు తక్కువ, ముక్క బిగువుగా ఉంటుంది. అడ్డంగా చక్రాలుగా కోస్తే ఎక్కువ కణాలు తెగి నీరు తొందరగా ఊరుతుంది. అందుకే పకోడీకి పాయను రెండుగా చీల్చి, రెండు కొసలూ తీసేసి, నిలువునా రెండు మూడు మిల్లీమీటర్ల మందాన తరుగుతారు. మరీ సన్నమైతే మాడిపోతుంది, మరీ లావైతే పచ్చి మిగులుతుంది. తరిగాక రేకలన్నీ వేళ్లతో విడదీయాలి. ఈ పనిలో బద్ధకిస్తే అతుక్కున్న రేకల మధ్యకు పిండి చేరదు, ఆ ముక్క లోపల తడిగానే ఉండిపోతుంది.

కళ్లు మండటానికి కారణం కూడా కణాలు చిట్లడమే. కత్తి పడగానే అలియినేజ్ అనే ఎంజైము గంధకం ఉన్న పదార్థాలను విడగొడుతుంది. దాని వెంట మరో ఎంజైము పనిచేసి కళ్లలో నీళ్లు తెప్పించే ఆవిరిని పుట్టిస్తుంది. ఈ రెండో ఎంజైమును జపాన్ పరిశోధకులు 2002లో గుర్తించారు. కత్తి పదునుగా ఉండటం, ఉల్లిపాయలను కాసేపు చల్లగా ఉంచి తరగడం కొంత ఊరటనిస్తాయి. తరిగిన ముక్కల్ని నీళ్లలో వేస్తే మంట తగ్గే మాట నిజమే. కాని ఆ తడి పకోడీని పాడుచేస్తుంది.

పిండి కలపడం

ఇంటి కొలత ఇలా ఉంటుంది: పావుకిలో ఉల్లిపాయలకు, అంటే మధ్యరకం పాయలు మూడింటికి, 100 గ్రాముల శనగపిండి, 25 గ్రాముల బియ్యప్పిండి, ముప్పావు చెంచా ఉప్పు, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు నాలుగు, చిన్న అల్లం ముక్క, రెండు రెబ్బల కరివేపాకు, అర చెంచా జీలకర్ర. కొందరు వాము, కొందరు అర చెంచా కారం వేస్తారు. జీడిపప్పు వేసి చేస్తే అది జీడిపప్పు పకోడీ, పండగకో పెళ్లివారికో చేసేది.

శనగపిండిలో అయిదో వంతు దాకా మాంసకృత్తులు ఉంటాయి గాని, మైదాలో లాగా సాగే జిగురు ఉండదు. ఎంత కలిపినా అది గట్టిపడి రబ్బరులా సాగదు కాబట్టి పకోడీ పిండిని చేత్తో గట్టిగా నలిపినా నష్టం లేదు. శనగపిండి ఒక్కటే వేస్తే పకోడీ కాసేపటికే మెత్తబడుతుంది. బియ్యప్పిండి కలిస్తే వేగిన పొర పెళుసుగా ఆరుతుంది, ఆ పెళుసుదనం ఎక్కువసేపు నిలుస్తుంది. అది పాలు మించితే మాత్రం పకోడీ రాయిలా అవుతుంది. నాలుగు పాళ్ల శనగపిండికి ఒక పాలు బియ్యప్పిండి చాలు.

గట్టి పకోడీకి అసలైన పట్టు ఇక్కడే ఉంది. ముందు ఉల్లిపాయ ముక్కల మీద ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి చేత్తో బాగా నలిపి పది నిమిషాలు పక్కన పెడతారు. ఉప్పు లాగడంతో ముక్కల్లోంచి నీరు ఊరుతుంది. ముక్కలు వాడి, చేతికి తడి తగులుతుంది. ఆ తడికి సరిపడా మాత్రమే పిండి చల్లుతూ కలుపుతారు. గిన్నె అడుగున పొడిపిండి కనిపిస్తుంటే మళ్లీ ఒకసారి పిసకాలి, ఊరవలసిన నీరు ఇంకా ఉంటుంది. అప్పటికీ కలవకపోతే చేయి తడి చేసుకుని నీళ్లు చిలకరించాలే తప్ప గ్లాసుతో పోయకూడదు. సరిగ్గా కలిసిన పిండిని పిడికెడు తీసి గుప్పిట బిగిస్తే ముద్ద కడుతుంది, వేళ్లతో విదిలిస్తే రేకలు రేకలుగా విడిపోతుంది. ప్రతి రేకకూ పలుచని పిండి పూత ఉంటుంది గాని ముక్క రంగు కనిపిస్తూనే ఉంటుంది. పిండి ఎక్కువై ఉల్లి తక్కువైన పకోడీ పేరుకే ఉల్లిపకోడీ.

చివరగా పొయ్యి మీద కాగుతున్న నూనెలోంచి ఒక పెద్ద చెంచాడు తీసి పిండిలో పోసి గరిటెతో కలుపుతారు. వేడి నూనె పిండి రేణువుల చుట్టూ పట్టి, అవి ఒకదానితో ఒకటి అతుక్కోకుండా చేస్తుంది. అందువల్ల వేగాక పకోడీ గుల్లగా వస్తుంది. కలిపిన పిండిని నిలవ ఉంచకూడదు. ఉప్పు పని ఆగదు, పావుగంట తరవాత అదే పిండి జారుగా తయారవుతుంది. నలుగురైదుగురికి మించి చేసేటప్పుడు ఉల్లిపాయలన్నీ ఒకేసారి తరిగినా, పిండి మాత్రం రెండు వాయలకు సరిపడా కలుపుకోవడమే మేలు.

నూనె, వేపుడు

వెడల్పాటి మూకుడులో రెండంగుళాల లోతున నూనె పోసి మధ్యస్థమైన సెగ మీద కాచాలి. 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడి పకోడీకి తగినది. ఉష్ణమాపకం లేని వంటింట్లో చిన్న పిండి ముక్క వేసి చూస్తారు. అది మునిగి వెంటనే పైకి తేలితే నూనె కాగినట్టు. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి, వేయగానే నల్లబడితే సెగ తగ్గించాలి. పిండిని ముద్దగా పెట్టకుండా, చేతివేళ్లతో విదిలిస్తూ నూనె మీద చల్లినట్టు వేయాలి. మూకుడులో సగం జాగా ఖాళీగా ఉండాలి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడుతుంది, పకోడీ వేగడం మాని నూనె తాగుతుంది.

పిండి నూనెలో పడగానే లేచే బుడగలు, చుయ్‌మనే చప్పుడు నీటి ఆవిరివి. బయటికి తన్నుకొచ్చే ఈ ఆవిరే ఆ సమయంలో నూనెను లోపలికి రాకుండా నెడుతూ ఉంటుంది. మొదటి నిమిషం గరిటె పెట్టకూడదు, పూత విడిపోతుంది. తరవాత తిప్పుతూ నాలుగైదు నిమిషాలు వేపాలి. బుడగలు పలచబడి, చప్పుడు సన్నగిల్లి, గరిటెతో కదిపితే పకోడీలు గలగలమన్నప్పుడు లోపలి నీరు చాలావరకు పోయిందని అర్థం. అలవాటున్న చేతికి రంగు కన్నా ఈ శబ్దమే నమ్మకమైన గుర్తు. పూర్తిగా ఎర్రబడేదాకా ఆగితే బయటికి తీశాక ఇంకాస్త ముదిరి చేదెక్కుతుంది. బంగారు రంగు ఇంకా ముదరకముందే తీయడం మంచిది.

తీసిన తరవాతి అరనిమిషం చాలా విలువైనది. పకోడీకి పట్టే నూనెలో ఎక్కువ భాగం మూకుడులో ఉండగా కాదు, బయటికి తీసి చల్లారేటప్పుడే లోపలికి ఇంకుతుంది. ఆవిరి చల్లబడి కుంచించుకుపోవడంతో పైనున్న నూనె ఆ ఖాళీల్లోకి పీల్చుకుపోతుంది. కాబట్టి చిల్లుల గరిటెతో తీసి, మూకుడు పైనే రెండు మూడుసార్లు విదిలించి, వేడి తగ్గకముందే చిల్లుల పళ్లెంలో పరవాలి. గిన్నెలో కుప్ప పోసి మూత పెడితే అడుగున ఉన్నవి తమ ఆవిరికి తామే చెమర్చి మెత్తబడతాయి. ఇంకా కరకరలాడాలనుకునేవారు మొదట లేతగా వేపి తీసి, చల్లారాక మరింత కాగిన నూనెలో ఒక నిమిషం మళ్లీ వేస్తారు.

నూనె విషయంలో ఈ ప్రాంతపు ఇళ్లలో వేరుశనగ నూనె పాత అలవాటు. రుచిలో దానికి సాటి లేదు. ధర దృష్ట్యా ఇప్పుడు పామోలిన్ వాడకం ఎక్కువ. అందులో 40 శాతానికి పైగా సంతృప్త కొవ్వు ఉండటంతో వేడికి తొందరగా చెడదు, వేపుడు పొడిగా వస్తుంది. అదే కారణంగా రోజూ తినేవారు మితం పాటించాలి.

దగ్గరి రకాలు

మెత్తని పకోడీకి శనగపిండి పాలు పెంచి, నీళ్లు పోసి ముద్దగా కలిపి, చిటికెడు వంటసోడా వేస్తారు. సోడా వాయువును పుట్టించి పిండిని ఉబ్బిస్తుంది, రంగును తొందరగా తిప్పుతుంది, నూనె కూడా ఎక్కువ పీల్పిస్తుంది. గట్టి పకోడీలో సోడాకు పని లేదు. బజ్జీ పద్ధతి వేరు. ఉల్లిపాయను అడ్డంగా చక్రాలుగా కోసి, జారుడు పిండిలో ముంచి వేస్తారు. ఇందులో తరచు ఎదురయ్యే ఇబ్బంది పూత ఊడిపోవడం. చక్రం లోపలివైపు ఉండే పలుచని జారుడు పొరను గోటితో ఒలిచి, తడి తుడిచి, పొడిపిండిలో దొర్లించి, ఆ తరవాత జారుడు పిండిలో ముంచితే పూత నిలుస్తుంది. అమెరికాలో ఆనియన్ రింగ్స్‌గా అమ్మేదీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ మైదా వాడతారు. మైదాలో జిగురు సాగకుండా చల్లని నీళ్లతో తక్కువగా కలుపుతారు.

సన్నగా తరిగిన కూరలను పలుచని పిండితో కూడదీసి వేపే జపాన్ కకియాగే, బ్రిటన్‌లోని భారతీయ హోటళ్లలో దొరికే ఆనియన్ భాజీ పకోడీకి దగ్గరి చుట్టాలే. చేపల, రొయ్యల చెరువులు నిండిన కొల్లేరు సీమలో, కైకలూరు, ఆకివీడు వైపు, చిన్న రొయ్యలు ఉల్లితో కలిపి పకోడీ వేయడం సహజం. రొయ్యలకు ఉప్పు, పసుపు రాసి, ఊరిన నీరు పిండేశాకే ఉల్లిలో కలపాలి. ఉల్లి మానే కార్తికమాసంలోనూ, వ్రతాలప్పుడూ క్యాబేజీ, పాలకూర, మెంతికూర వేసి చేసుకుంటారు.

తినడం, నిలవ

శనగపిండి, పప్పుపిండి వంటకాలను నూనెలో వేపే పద్ధతి దక్షిణాదిన పాతది. 12వ శతాబ్దంలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో అలాంటి వంటల ప్రస్తావన ఉంది. నేటి పకోడీలో తప్పనిసరైన పచ్చిమిర్చి మాత్రం పోర్చుగీసువారి రాక తరవాత అమెరికా ఖండం నుంచి వచ్చింది. తెలుగు సాహిత్యంలో పకోడీకి చోటు కల్పించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946). ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా ఖండవల్లిలో పుట్టిన ఆయన పకోడీనే సంబోధిస్తూ కంద పద్యాలు చెప్పారు. ఒక చిరుతిండికి అంతటి కవి చేతిలో దక్కిన మర్యాద అది.

పకోడీని వేడిగానే, పచ్చి ఉల్లిపాయ ముక్కలూ నిమ్మచెక్కా పెట్టుకుని తింటారు. మిగిలినవాటిని దించిన మజ్జిగపులుసులో వేస్తే పకోడీ మజ్జిగపులుసు అవుతుంది. మెత్తని పకోడీ ఇందుకు బాగా నప్పుతుంది. గట్టి పకోడీ పూర్తిగా చల్లారాక గాలి చొరని స్టీలు డబ్బాలో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. కొల్లేరు చుట్టూ చెరువుల మధ్య, ముఖ్యంగా వానల్లో, గాలిలో తేమ ఎక్కువ. మూత తీసి ఉంచితే గంటలోనే పెళుసుదనం పోతుంది. నూనె లేని మూకుడులో సన్నసెగ మీద రెండు నిమిషాలు తిప్పితే ఆ తేమ పోయి మళ్లీ కరకరలాడుతుంది.

జాగ్రత్తలు

తడి గరిటె, తడి చేయి నూనెకు దూరంగా ఉండాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయరాదు. పొయ్యి ఆర్పి, లోహపు మూత బోర్లించాలి. వేడి పకోడీలను వార్తాపత్రికలో పొట్లం కట్టడం మానుకోవాలి. సిరాలోని రసాయనాలు నూనెతో కలిసి తిండిలోకి చేరతాయని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది, 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు దీన్ని నిషేధించాయి. అదే సంస్థ నిబంధనల ప్రకారం 2018 జులై 1 నుంచి, పదేపదే కాగడంతో పుట్టే మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదు. ఇంట్లో ఇది కొలిచే వీలు లేదు. రంగు నల్లబడినా, చిక్కబడినా, కాచగానే పొగ, నురగ వచ్చినా ఆ నూనెకు కాలం చెల్లినట్టే. ఒకసారి వేపిన నూనెను వడకట్టి, రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయడం ఉత్తమం.

మిగిలిపోయిన నూనెను సింకులోనో మోరీలోనో పారబోయకూడదు. ఏలూరు పట్టణపు మురుగు చివరికి చేరేది కొల్లేరుకే. ఆ నూనెను సీసాలో పోసి బిగించి చెత్త బండికి ఇవ్వాలి. వాడిన నూనె కొని బయోడీజిల్ తయారీకి పంపేవారు ఊళ్లో ఉంటే వారికి అప్పగించాలి.